సుగుణమ్మ టీచరమ్మ పాడయాత్ర

నంద్యాలలో ఫ్లెక్సీలు వేసే షాపులోకి అడుగుపెడితే చాలు, అప్పుడే మిషన్లోంచి దిగిన ఫ్లెక్సీ వాసన, కిరసనాయిలూ కొత్త రబ్బరు చెప్పులూ కలిపి ఎండలో పెట్టినంత ఘాటుగా ముక్కును పట్టుకుంటుంది. మొన్న అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఉచిత కంటి శిబిరం కోసం మా చర్చివాళ్ళు చేయబోయే పాదయాత్ర పోస్టరు తెర మీద తయారవుతుంటే చూస్తున్నాను. ఆపరేటరు నావైపు తిరిగి, "అచ్చరం తప్పులుంటే ఇప్పుడే చెప్పండి మేడం, మళ్ళ నన్నంటే లాభం లేదు" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పాపం, అతను ఏం తప్పు చేశాడోనని మొత్తం మళ్ళీ చదువుకున్నాడు.

ఫ్లెక్సీలు ఇంకా పుట్టని రోజుల్లో ఆళ్ళగడ్డలో మా నాయనకు సైకిల్ షాపు ఉండేది. పంక్చర్లు వేయడం పొట్టకూటికి, మడ్‌గార్డుల మీద పేర్లు రాయడం ఆయన గొప్పకి. అక్షరం రాసి ఊరుకునే మనిషి కాదు, దానికి ఒక మెలిక, మెలికకు ఒక కొస, కొసకు ఒక చుక్క పెట్టి, చివరికి సైకిలు ఎవరిదో దాని యజమానే చదువుకోలేని స్థితికి తెచ్చేవాడు. ఎవరైనా అడిగితే "చదివేదానికి కాదప్పా, చూసేదానికి" అనేవాడు.

ఆ అక్షరాలు నాయనకు నేర్పింది సుగుణమ్మ టీచరమ్మ. నాకూ ఆమే నేర్పింది. చర్చి వెనక వీధిలో ఆమె ఇంటి అరుగు మీద సాయంత్రాలు పిల్లలం పలకలు పెట్టుకుని కూర్చుంటే, క్రిస్మస్ రోజుల్లో గులాబీ పూల పిండివంటా కజ్జికాయలూ, మిగతా రోజుల్లో వేయించిన బొరుగులూ మాకు దక్కేవి, ఒత్తు మరిచిపోతే మాత్రం బొరుగులు పక్కవాడి దోసిట్లోకి పోయేవి. ఒక చలికాలం ఆమె కళ్ళకు పొర కమ్మింది. పలకను ముక్కుకు ఆనించుకున్నా అక్షరం ఆనేది కాదు. ఎవరి గొంతు వినిపిస్తే వాళ్ళను పిలిచి, "కండ్లు పోతే పోనీలే, అచ్చరాలు పోతే నేనెట్ల బతికేదిరా" అనేది. ఆ మాట విని నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. నంద్యాలలో ఆపరేషన్ చేయించాలంటే చేతిలో ఏమీ లేదు, ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. అందుకని ఆదివారం ఆరాధన కాగానే ఊరంతా నడిచి చందా అడగాలని చర్చివాళ్ళు అనుకున్నారు. పోస్టర్ల పని నాయన నెత్తిన వేసుకున్నాడు, బొమ్మల పని నేను గుంజుకున్నాను.

ఇంటి నిండా చార్టులు. అమ్మ సంగటి గిన్నె పక్కనే మైదా జిగురు ఉడికిస్తుంటే, ఏది ఏదో తెలియక నేను ఒకసారి జిగురులో వేలు పెట్టి నాకాను కూడా. చార్టు మధ్యలో టీచరమ్మ ఫోటో అంటించి, బోసిగా ఉందని చుట్టూ బంతిపూలు వేశాను. కింద నడిచే జనాన్ని వేద్దామనుకున్నాను గానీ, నాకు మనుషులు నలుగురికి మించి వచ్చేవారు కాదు, కాబట్టి నలుగురే, భుజాల మీద బ్యానరు మోస్తూ. కంటి ఆపరేషన్ కోసమన్న ముఖ్యమైన మాటను, నాకు ఇష్టమని, పసుపు రంగుతో రాయించాను. తెల్ల చార్టు మీద ఆ పసుపు ఎవరికీ కనపడలేదు. ఇక పైన పెద్దక్షరాల్లో నాయన 'పాదయాత్ర' అని రాశాడు. 'ద'కు ఆయన వేసిన మెలిక ఎక్కడికో తిరిగి, అది చక్కగా 'డ' అయి కూర్చుంది. శనివారం సాయంత్రానికి ఊరి గోడల మీద టీచరమ్మ ఫోటో, చుట్టూ పూలు, కింద నలుగురు మోసేవాళ్ళు, పైన 'పాడయాత్ర'. పాడె అని రాయడం రాక అట్లా రాశారనుకున్నారు జనం.

మర్నాడు చర్చి గేటు దగ్గర నా భుజం పట్టుకుని టీచరమ్మ నిలబడి ఉంటే, వీధి చివర తప్పెట్లు మొదలయ్యాయి. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో, గంపల నిండా పూలతో, కొంగులు నోట్లో కుక్కుకుని వస్తున్నారు. మెయిన్ బజారులో ఉగ్గాని బజ్జీల హోటలు నడిపే మారెన్న, తనంత దండ మోసుకుని ఏడుస్తూ ముందుకొచ్చాడు. ఏడుపు విని టీచరమ్మ కంగారుపడి, "ఎవురప్పా పోయిందీ?" అంది.

మారెన్న తలెత్తి చూసి, నోరు తెరిచి, ఆఖరికి నిజమే చెప్పాడు. "నువ్వేనమ్మా."

తప్పెట్లు ఆగిపోయాయి. నాయన గేటు వెనక్కి జరిగాడు. సంగతి తెలిసేసరికి కొంత సేపు పట్టింది గానీ, తెలిశాక టీచరమ్మే ముందు నవ్వింది. "నేనింగా ఈడనే ఉండా గదరా. తెచ్చినావు గదా, ఎయ్ ఆ దండ. వాయించండప్పా, ఎందుకు నిలబెట్టినారు?" అని మెడ వంచింది. ఆ దండతోనే, ఆ తప్పెట్లతోనే ఊరంతా నడిచింది. చావుకని వచ్చినవాళ్ళు బతికున్న మనిషిని చూసి ఊరికే ఎట్లా పోతారు? ఏడ్చిన ముఖాలతోనే నవ్వుతూ, చేతికి ఎంత వస్తే అంత జోలెలో వేశారు. మామూలు పాదయాత్ర అయితే ఇందులో సగం మంది కూడా వచ్చేవాళ్ళు కాదని నాయన ఆ తర్వాత ఎంత చెప్పుకున్నా, అమ్మ ఆయన్ను వెనకేసుకు రాలేదు.

నంద్యాలలో కంటి కట్టు విప్పించుకుని, నల్లద్దాలతో బస్సు దిగిన టీచరమ్మ ఇంటికి పోకుండా నాలుగు రోడ్ల దగ్గర గోడ ముందు ఆగింది. ఎండకు వెలిసిన మా పోస్టరు అక్కడ ఇంకా ఉంది. కొత్త కళ్ళతో ఆమె చదివిన మొదటి అక్షరం అదే. నేరుగా మా షాపుకొచ్చి, "ఏందిరా ఇదీ? నేను సచ్చినానని రాసినా పర్వాల్యా, ద కు డ రాస్తావా?" అని, మీసాలున్న మా నాయన చేతికి నా పలక ఇచ్చి, గిరాకీల ముందే 'ద' దిద్దించింది. నాయన మెలిక లేకుండా దిద్దాడు. ఆమెకు అక్షరం కనిపించినందుకేమో, దిద్దుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఆళ్ళగడ్డలో మడ్‌గార్డు మీద పేరు రాయించుకునేవాళ్ళు లేరు. మైదా జిగురు ఉడికే వాసన లేదు. నాయన లేడు. ఏ తప్పుకూ చెయ్యి తిరగని కంప్యూటరు 'పాదయాత్ర' అని ముచ్చటగా రాసి పెట్టింది, దాని కింద, ఫోటో పక్కన, 'సుగుణమ్మ టీచరమ్మ జ్ఞాపకార్థం' అని. నేను 'ద' మీద వేలు పెట్టి రెండుసార్లు చూసుకున్నాను.

"ఫోటో చుట్టూ పూలు పెట్టేదా మేడం?" అన్నాడు ఆపరేటరు.

కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నాను.

"పెట్టప్పా," అన్నాను. "ఇప్పుడు పెట్టొచ్చు. బంతిపూలే పెట్టు."