భీమశంకరం గారి ఎర్రపీతకు నాలుగు టైర్లు

గుండుగొలనులో ఎవరింటి షెడ్డు తలుపు తీసినా ట్రాక్టరో, చేపల మేత బస్తాలో కనిపిస్తాయి. లక్ష్మీకాంతం గారింటి షెడ్డులో మాత్రం ఇటుకల మీద నిలబెట్టిన ఎర్రకారు ఉంటుంది. దానికి ఉన్నవి రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, కావాలంటే మడిచి వెనక్కి పడేయవచ్చు. నేలకు అంటుకుపోయి, వెడల్పుగా, కళ్ళు మిటకరించినట్టుండే దీపాలతో ఉన్న ఆ బండిని ఊరు మొదటిరోజే చూసి ‘ఎర్రపీత’ అని పేరు పెట్టేసింది.

రొయ్యలు బాగా పండిన ఏడాది ఆవిడ భర్త భీమశంకరం గారు దాన్ని భీమవరంలో ఒక వ్యాపారి దగ్గర కొనుక్కొచ్చారు. పరుగు పందేలకు పనికొచ్చే బండి అని ఆయన చెబితే, ఇందులో మేత బస్తా ఎక్కడ పెడతారని ఊళ్ళోవాళ్ళు అడిగారు. లక్ష్మీకాంతం ఏమీ అడగలేదు. ఆవిడ అంతకుముందు ఏడాదే చెరువు గట్టు మీద జారిపడి నడుము నొప్పి తెచ్చుకుని ఉంది. ఆ బండిలో కూర్చోవడమంటే నేల మీద పీట వేసుకుని కూర్చోవడమే అని చూడగానే అర్థమైంది. “మీరు తిరగండి, నేను చూస్తాను” అంది.

“లేదు లేదు. ఈ టైర్లు పాతబడ్డాయి. మంచివి నాలుగు చూసి వేయించి, నిన్ను ఎక్కించుకుని కొల్లేటి గట్టు దాకా తీసుకెళ్తాను” అన్నారాయన.

అక్కడే వచ్చింది చిక్కు. భీమశంకరం గారు మంచివారు, మాట తప్పనివారు. కాని ఏదీ తేల్చుకోలేరు. పుచ్చకాయ కొనడానికి వెళ్ళి పదకొండు కాయలు తట్టి చూసి, వట్టి చేతులతో తిరిగొచ్చేవారు. హాల్లోకి పంకా కొనడానికి మూడు వేసవులు పట్టింది. మరి పెళ్ళిచూపుల్లో నన్ను ఒక్క పూటలో ఎలా ఖాయం చేశారండీ అని ఆవిడ ఒకసారి అడిగితే, అది మా నాన్నగారు ఖాయం చేశారు కదా అని నిజం చెప్పేశారు. ఆ నిజానికి ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన వచ్చి, నన్నే తేల్చుకోమని ఉంటే నువ్వు ఇప్పటికీ పుట్టింట్లోనే ఉండేదానివి అన్నారు. నవ్వాపుకోలేక మాట్లాడేసింది.

అలాంటి మనిషి రెండేళ్ళపాటు టైర్లు చూశారు. బండిని ఇటుకల మీదకు ఎక్కించి, తాడేపల్లిగూడెం నుంచి విజయవాడ దాకా దుకాణాలన్నీ తిరిగి, ప్రతి టైరు గురించీ ఒక నల్ల అట్ట పుస్తకంలో రాసుకున్నారు. పుస్తకం నిండింది. పోయిన కార్తీకంలో ఒక పొద్దున్న కాఫీ తాగుతూ గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని ఆయన వెళ్ళిపోయారు. టైర్లు మాత్రం తేలలేదు.

ఆ తరవాత లక్ష్మీకాంతం ఆ షెడ్డు వైపు వెళ్ళలేదు. ఆషాఢంలో ఆయన తమ్ముడు చలపతిరావు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బండి కాగితాలు వదిన పేరుకు మార్పించింది అతనే. బండికి పదిహేనేళ్ళు నిండుతున్నాయని, ఏలూరులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి బాగుందంటేనే ఇంకో అయిదేళ్ళు రోడ్డెక్కనిస్తారని, లేకపోతే అది తుక్కే అని చెప్పాడు. బుధవారం చూపించాలి. పగిలిన టైర్లతో ఎలాగూ దాటదు కాబట్టి గురువారానికి తుక్కు కొనేవాణ్ణి రమ్మన్నాడు.

“షెడ్డు ఖాళీ అయితే మేత బస్తాలు పెట్టుకోవచ్చు వదినగారండీ. వానకు తడిసిపోతున్నాయి” అన్నాడు మెత్తగా.

అతని మాటలో తప్పేం లేదు. లక్ష్మీకాంతం తల ఊపింది. మజ్జిగ ఇచ్చింది. అతను వెళ్ళాక తాళంచెవి తీసుకుని షెడ్డు తెరిచింది. లోపల డీజిల్ వాసన. ఆయన చొక్కాల వాసనే అది. ఆవిడ కాసేపు గుమ్మంలోనే నిలబడి, తరవాత కూడలిలో మెకానిక్ షెడ్డు నడిపే యాకోబుకు కబురు చేసింది.

యాకోబు వచ్చి, చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని చూశాడు. పైన పట్టు చూస్తే నిన్న కొన్నట్టుంది, అరుగుదలే లేదు. పక్కలు మాత్రం ఎండిన చేపల చెరువు అడుగులా నెర్రెలిచ్చాయి.

“భీమశంకరం గారు వీటిని దేనితో తుడిచేవారండీ?”

“ఆదివారం ఆదివారం డీజిల్ గుడ్డతో. ట్రాక్టరు టైర్లు తుడిచినట్టే. నల్లగా నిగనిగలాడాలని.”

యాకోబు నవ్వకుండా ఉండటానికి మీసం సర్దుకున్నాడు. డీజిలు రబ్బరును తినేస్తుందని, ట్రాక్టరు టైరు దుక్కలా ఉంటుంది కాబట్టి ఓర్చుకుంటుందని, ఇది పసిపిల్ల చర్మం లాంటిదని చెప్పాడు. “తిరిగి అరిగిపోయిన టైర్లను చూశానండీ. ప్రేమతో పోయిన టైర్లను ఇదే చూడటం” అన్నాడు.

సోమవారం నాలుగు చక్రాలూ ఊడదీసి, చేపల పెట్టెలు మోసే ట్రాలీ ఆటోలో వేసుకుని ఇద్దరూ తాడేపల్లిగూడెం బయల్దేరారు. ఏడాది తిరగకుండా ఊరు దాటడమేమిటని చలపతిరావు భార్య ప్రభావతి గుమ్మంలోంచి అడిగింది. పెళ్ళికి కాదమ్మా, టైర్లకు అని లక్ష్మీకాంతం చెప్పింది. టైర్లకు వెళ్ళకూడదని ఏ పంచాంగంలోనూ లేదు కాబట్టి ప్రభావతి ఊరుకుంది.

ఆనంద్ పాల్ గారి టైర్ల దుకాణం లారీలు ఆగే చోట ఉంది. ఆయన లావుపాటి మనిషి, మాట సన్నం. చక్రాలు చూడగానే గుర్తుపట్టి, ఈ బండి యజమాని రెండేళ్ళలో పదిహేడు సార్లు తన దుకాణానికి వచ్చి, పదిహేడు సార్లూ కాఫీ తాగి వెళ్ళారని చెప్పి, ఆవిడ బొట్టులేని మొహం చూసి ఆగిపోయాడు. తరవాత కుర్చీ తుడిచి వేశాడు.

టైరు మీద అంకెలేమిటని ఆవిడ అడిగింది. నూట తొంభై అయిదు అంటే వెడల్పు, యాభై అంటే ఆ వెడల్పులో ఎత్తు సగం, పదిహేను అంటే మధ్యలో ఇనప చక్రం కొలత అని ఆయన చెప్పాడు. ఆవిడ అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా వంటింటి లెక్కలోకి మార్చుకుంటే ఏదైనా తేలిపోతుంది.

“అంటే ఇది దిబ్బరొట్టె కాదు, పెసరట్టు.”

“అంతేనండీ. ముప్ఫై ఏళ్ళుగా అమ్ముతున్నాను, ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను.”

యాకోబు దిబ్బరొట్టె వైపే మొగ్గాడు. మన గోతులకు ఎత్తు టైరే మేలు, కుదుపు తెలియదు అన్నాడు. కాని ఎత్తు టైరు వేస్తే మలుపు తిప్పినప్పుడల్లా పైరేకుకు రాసుకుంటుందని, ఇన్‌స్పెక్టరు ఊరుకోడని ఆనంద్ పాల్ అడ్డు చెప్పాడు. లోపలి నుంచి ఒక టైరు దొర్లించుకుంటూ తెచ్చాడు. అది నల్లగా మెరిసిపోతోంది. గాళ్ళు దాదాపు లేవు, అరచెయ్యంత నున్నగా ఉంది. పందేలకు వాడే రకమని, ఎండలో రోడ్డును ఉడుంపట్టు పడుతుందని అన్నాడు.

లక్ష్మీకాంతం లేచి దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళు చేపల ఇంట్లో కాపురం చేసిన మనిషి. చేపను బేరమాడేటప్పుడు పొలుసు మెరుపు చూడదు, మొప్ప ఎత్తి చూస్తుంది, వేలితో నొక్కి చూస్తుంది. టైరునూ బొటనవేలితో నొక్కింది. వేలు నల్లగా అయింది. టైరు పక్కభాగం చీరచెంగుతో తుడిచి, సంచీలో తెచ్చుకున్న నల్ల అట్ట పుస్తకం మొదటి పేజీలో ఆయన రాసిపెట్టిన నాలుగు అంకెల కోసం దాని మీద వెతికింది. మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం.

“ముప్ఫై ఒకటి, పదిహేడు. ఏవండీ, ఇది పుట్టి ఏడేళ్ళు దాటింది కదా. ఐసులో పెట్టి తెచ్చారా?”

ఆనంద్ పాల్ మొహం ఎర్రబడింది. అది ఓ మూల అమ్ముడుపోక మిగిలిన సరుకని, తను చూసుకోలేదని నొచ్చుకుంటూ దాన్ని వెనక్కి పంపేశాడు. యాకోబు ఈసారి మీసం సర్దుకోలేదు, నవ్వేశాడు.

అప్పుడు ఆవిడే అడిగింది, వీటిల్లో నీళ్ళను తోసేసేది ఏదని. మా రోడ్డు మీద ఎండాకాలంలోనూ తడే ఉంటుందండీ, చేపల లారీలు ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, ఆ జిగట మీద మనుషులే నిలబడలేరు అంది. చేలో నీరు నిలవకూడదంటే బోదెలు లోతుగా తియ్యాలి, నీళ్ళు వెళ్ళే దారి లేకపోతే ఎంత మంచి మట్టయినా కాలు జారుతుంది. టైరయినా అంతే కదా అంది.

ఆనంద్ పాల్ లోపలికి వెళ్ళి, మెరుపూ షోకూ లేని టైరు ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. దాని చుట్టూ మూడు లోతైన గాళ్ళు, వాటిలోకి పక్కల నుంచి పిల్లకాలువలు. నాలుగు అంకెలు చదివింది. రెండు నెలల పసిది.

దాని పేరు పుస్తకంలో ఉందేమోనని ఆవిడ పేజీలు తిప్పింది. ఉంది. కూడబలుక్కుని చదివింది. ‘నీళ్ళలో చాలా మంచిది. కాని కుదుపు ఉంటుంది. లక్ష్మీకాంతం నడుము తట్టుకోదు. ఆలోచించాలి.’

వెనక పేజీ తిప్పింది. అక్కడ ఇంకో టైరు. ‘బాగుంది. లక్ష్మీకాంతం నడుము?’ అంతకు ముందు పేజీ. ‘నడుము.’ పుస్తకం మొత్తం అంతే. ఆ బండికి సరిపోయే టైరన్నది ఎక్కడున్నా దాని పక్కన ఆవిడ నడుము అడ్డంగా పడుకుని ఉంది.

లక్ష్మీకాంతం కుర్చీలో కూర్చుంది. బయట లారీ చక్రానికి గాలి కొడుతున్న చప్పుడొక్కటే వినిపించింది. ఆనంద్ పాల్ కాఫీ తెప్పించాడు. ఆవిడ సగం తాగి, కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంది.

“పదిహేడు సార్లు వచ్చి ఒక్కసారైనా నన్ను అడగలేదు చూడండి. నా నడుము సంగతి నేను చూసుకుంటాను. ఇవే ఎక్కించండి” అంది.

మంగళవారమంతా యాకోబు బండి కింద పడుకునే ఉన్నాడు. బుధవారం పొద్దున్న బండి ఇటుకలు దిగి, తన కాళ్ళ మీద తను నిలబడింది. లక్ష్మీకాంతం బీరువా మీద ఉన్న బూరుగుదూది దిండు దింపి, సీట్లో వేసింది. రెండేళ్ళు ఆయన రబ్బరులో వెతికిన మెత్తదనం ఇంట్లో బీరువా మీదే ఉంది. మగవాళ్ళకు బీరువా పైభాగం కనపడదు.

యాకోబు కళ్ళు మూసుకుని స్టీరింగు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశాడు. అది అయ్యేసరికి చలపతిరావు సంచీతో వచ్చాడు. తుక్కువాణ్ణి వెంటబెట్టుకు వచ్చాడేమో అనుకుంది. అతను ఎవరి వైపూ చూడకుండా వంగి, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. “కొత్త టైర్లు కదండీ” అన్నాడు అంతే.

గుడ్డ పైకప్పు వెనక్కి మడిచేసి ఉంది కాబట్టి బండి ఎక్కడం తేలికే అయింది. దిండు మాత్రం అనుకున్నదానికంటే ఎత్తు. యాకోబు తల ముందు అద్దం వెనక ఉంది, లక్ష్మీకాంతం తల అద్దం పైన ఉంది. రోడ్డు మీద గాలి సూటిగా మొహానికి కొట్టింది. చెంగు తలచుట్టూ బిగించి కట్టుకుని, ఊరేగింపులో దేవతలా కూర్చుంది. ఎదురొచ్చే బస్సుల్లోంచి జనం వంగి వంగి చూశారు. ఏలూరు ఇంకా కొంతదూరం ఉందనగా ముందు పోతున్న చేపల లారీ నీళ్ళు కారుస్తూ ఉన్నట్టుండి ఆగింది. యాకోబు బ్రేకు తొక్కాడు. ఆవిడా కుడికాలితో నేలను తొక్కింది. ఎర్రపీత గోళ్ళు దించినట్టు ఎక్కడిదక్కడ, జారకుండా, వంకర తిరగకుండా నిలిచింది. లారీ వెనక తలుపుకు దీనికి మధ్య మూరెడు జాగా మిగిలింది.

“బోదెలు పని చేశాయి” అంది లక్ష్మీకాంతం.

ఏలూరులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి చూసి, అందరూ దిగమన్నాడు. యాకోబు దిగాడు. ఆవిడ రెండుసార్లు ప్రయత్నించింది. దిండు ఆవిడను వదల్లేదు. “కూర్చున్నదాన్ని లేవలేనండీ. టైర్లు బయటే ఉన్నాయి, చూసుకోండి” అంది. ఆయన వంగి అంకెలు చదివాడు, గాళ్ళలో వేలు పెట్టి చూశాడు. ఇంత సరిగ్గా టైర్లు ఎంచింది ఎవరని అడిగితే యాకోబు దిండు వైపు చూపించాడు. ఇన్‌స్పెక్టరు బ్రేకు చూసి, దీపాలు చూసి, సంతకం పెట్టి, దిండు గురించి మాకు రూల్స్ ఏమీ లేవండీ అని నవ్వాడు.

వెనక్కి వస్తూ గుండుగొలను దగ్గర యాకోబు ఇంటివైపు తిప్పబోతే, అటు కాదు అని ఆవిడ చేత్తో చూపించింది. చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద గోతులు గోతుల్లాగే ఉన్నాయి. ప్రతి గొయ్యీ తెలిసింది. కొల్లేటి ఒడ్డుకు వచ్చాక బండి ఆపి, యాకోబు గట్టు వెంబడి అలా నడుచుకుంటూ దూరంగా వెళ్ళాడు.

నీటి మీద కొంగలు నడుస్తున్నాయి. ఆవిడ ఖాళీగా ఉన్న పక్కసీటు వైపు కాసేపు చూసింది. తరవాత సంచీలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి, ఆ టైరు పేజీ వెతికి, ఆయన ‘ఆలోచించాలి’ అన్న చోట కింద, అయిదో తరగతి అక్షరాలతో రాసింది.

‘కుదుపు ఉంది. నడుము బాగానే ఉంది.’

పుస్తకం మూసి, ఇంకాసేపు కూర్చుని, దూరంగా ఉన్న మనిషిని పిలిచింది.

“యాకోబు గారూ, రండి. ఇంటికెళ్ళాక చలపతిని కూడా పిలవండి. నన్ను దింపడానికి ఇద్దరు కావాలి.”