నెలవంక పక్కన అవ్వ

నన్ను కన్న అవ్వకు ఒకే ఒక్క ఫోటో ఉంది. అందులో ముఖం లేదు. ఆ పాపం నాదే.

అప్పుడు మేం బెల్లంపల్లిలో, బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. బాపు బాయి పనికి పోయేవాడు. నేను కొత్తగా పంతులమ్మనయ్యాను, కాళ్లు నేల మీద ఆనేవి కావు. తోటి టీచరమ్మ దగ్గర డబ్బా కెమెరా అడిగి తెచ్చి కనబడ్డదల్లా తీశాను. రీలులో ఇంకొక్క ఫోటో మిగిలింది.

ఆ సాయంత్రం, "నెల పొడిచింది, దా బిడ్డా" అని అవ్వ ప్రతి నెలా పిలిచినట్టే వాకిట్లోకి పిలిచింది. చూద్దును గదా, పడమటి గోడ మీద నెలవంక, పక్కనే శుక్రుడు! కెమెరా కోసం లోపలికి ఉరికాను.

"నాదొకటి దింపరాదే బిడ్డా. ఎన్నడు ఫోటో దిగలే," అంది అవ్వ.

"నువ్వేడికి పోతవే? దినాం ఇంట్ల ఉండేదానివే. గా చుక్క మళ్ల గిట్ల ఎప్పుడొస్తదో!"

ఆమె ముఖం చిన్నబోయింది. సరేలే అని గోడ పక్కన నిలబెట్టాను. వెలుతురు తక్కువ, కెమెరా కన్ను కాసేపు తెరిచి ఉంచాలి. నీళ్ల డ్రమ్ము మీద కెమెరా పెట్టి, "ఐదు లెక్కవెట్టేదాక చంద్రుణ్ణే చూడు. కదిలితే ఖరాబైతది," అన్నాను.

"గట్లనే," అని కొంగు సవరించుకుంది.

మూడు అనేసరికి తల తిప్పి నా వైపు చూసింది.

"ఏందే అవ్వా! ఒక్క మాట చెప్తె వినవా? ఉన్న ఒక్కటి నాశనం జేస్తివి!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె అంట్ల దగ్గరికి పోయింది.

కాగజ్‌నగర్‌లో రీలు కడిగించాను. చంద్రుడు గోరంత, శుక్రుడు నలుసంత. అవ్వ చీరె, చేతులు తేటగా పడ్డాయి, ముఖమున్న చోట తెల్లటి మసక. కోపంతో ట్రంకు అడుగున పడేశాను.

ఆ వానాకాలం జ్వరంతో అవ్వ నాలుగు రోజుల్లో పోయింది. దినాల నాడు గోడకు పెడదామంటే ఇంకో ఫోటో లేదు. అదే తీసి బాపుకిచ్చి, "కదలొద్దంటే కదిలింది బాపూ," అని ఏడ్చాను.

బాపు ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు. "నెలవంకను చూసినంక మీ అవ్వ ఎవరి మొఖం చూస్తుండెనే?" అన్నాడు.

నాదే. నెలంతా బిడ్డ చల్లగుండాలని, చంద్రుణ్ణి చూసిన కళ్లతో వెంటనే నన్నే చూసేది. నన్ను వాకిట్లోకి పిలిచేది అందుకే. ఇన్నేళ్లు చూసి కూడా, చేతికి కెమెరా రాగానే మరిచాను.

నన్ను చూసినందుకు ఆమెను తిట్టాను.