మూలలో జానెడు ఖాళీ

నిన్న హాల్లో రంగులు వేయించడానికి సోఫాలు, తివాచీలు, పరదాలు అన్నీ బయట పెట్టాం. పనివాళ్ళకు టీ తీసుకుని వెళుతుంటే పళ్ళెంలోని చెంచా జారి నేల మీద పడింది. ఆ చప్పుడు పడిన చోట ఊరుకోలేదు. గోడకూ గోడకూ మధ్య టిర్రుమంటూ కొట్టుకుని కొట్టుకుని ఎంతసేపటికో ఆగింది. పనివాళ్ళు తల కూడా తిప్పలేదు. నేను మాత్రం పళ్ళెంతో అక్కడే నిలబడిపోయాను. రాజన్న గుర్తొచ్చాడు. ఆయన గురించి నేను ఇంతకుముందే రాయవలసింది. రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం వచ్చేది కాదు. నలభై ఏడేళ్ళు వచ్చేదాకా సంతకం చోట బొటనవేలే పెట్టాను. అక్షరాలు వచ్చాక కూడా, నేను రాసింది ఎవరి కంటైనా పడితే ఆయన డ్యూటీ పోతుందేమోనని భయపడ్డాను. పోయిన నెల ఆయన ఒమన్ వదిలి ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఫోన్ చేసి, "ఇగ నాకేం రంది లేదు చెల్లె, రాసుకో" అన్నాడు.

మాది కడప జిల్లా. బర్కాలో ఈ ఇంటికి వంటకూ, ఇంటి పనికీ వచ్చి ఎనిమిదేళ్ళయింది. మేడమ్ మంచి మనిషే. కానీ నాకు ముందు ఇక్కడ పనిచేసిన ఆమె ఇస్త్రీ పెట్టెతో తివాచీ కాల్చి, ఆ మచ్చ మీదికి సోఫా జరిపి దాచిందట. అది బయటపడిన వారంలోనే ఆమెను ఇంటికి పంపేశారు. వచ్చిన కొత్తలోనే ఈ సంగతి డ్రైవర్ చెప్పాడు. అప్పటి నుంచి ఏ గిన్నె చేతిలో జారినా నాకు విమానం కనిపించేది. చదువు రాదన్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మేడమ్ సామాన్ల చీటీ రాసిస్తే తలూపి తీసుకునేదాన్ని. అయిపోయిన వాటి ఖాళీ ప్యాకెట్లు సంచిలో వేసుకుని కొట్టుకు వెళ్ళి, ఒక్కొక్కటీ తీసి చూపించి ఇలాంటివే ఇమ్మనేదాన్ని. అలా నాలుగేళ్ళు గడిచాయి.

మేడమ్ చిన్నపిల్లల కోసం అరబ్బీలో కథలు చదివి రికార్డు చేస్తుంది. ఫోన్‌లో వినే కథలు. మొదట్లో పడకగదిలో కూర్చుని చదివి మస్కట్‌లోని ఒక ఆఫీసుకు పంపింది. గొంతు కుండలోంచి వస్తున్నట్టు ఉందని వాళ్ళు తిప్పి పంపారు. ఆ రోజంతా మేడమ్ అన్నం తినలేదు. తన గొంతే మంచిది కాదనుకుంది. తర్వాత ఎవరో గది సరిచేయించమని చెబితే, వెనకవైపు చిన్న గదిని అందుకోసం ఖాళీ చేయించింది. ఆ పనికి కంపెనీ పంపిన మనిషే రాజన్న. జగిత్యాల దగ్గరి ఊరు, యాభై దాటిన వడ్రంగి. పొద్దున కంపెనీ బండి ఆయన్ని దింపి పోయేది, సాయంత్రం వచ్చి తీసుకుపోయేది. ఐదు రోజులు ఒక్కడే పనిచేశాడు.

మొదటి రోజే నన్ను వంటింట్లోంచి పిలిచాడు.

"చెల్లె, ఇటు రా. గది నడుమ నిలవడి ఒక్కపారి సప్పట్లు కొట్టు."

"నేనేందన్నా, పొయ్యి మీద కూర ఉండాది."

"కూర యాడికి వోదు తియ్యి. కొట్టు."

కొట్టాను. ఏం వినిపించిందని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. "పక్కింట్లో ఎవురో ఇంగోసారి కొట్టినట్టు ఉండాది" అన్నాను.

"గదే. గా పక్కింటోన్ని ఎల్లగొట్టేదే మన పని."

గోడలకూ పైకప్పుకూ మధ్య మధ్య ఖాళీ వదిలి నల్లటి స్పాంజి పలకలు అతికించాడు. కోడిగుడ్ల అట్టలా ఎత్తుపల్లాలు ఉన్నవి. మధ్యాహ్నం మళ్ళీ చప్పట్లు కొట్టించాడు. ఈసారి చప్పుడు నా చేతుల్లోనే చచ్చిపోయింది. అయిపోయిందా అన్నా అని అడిగాను. సగమే అయింది, ఇప్పుడు మూలకు పోయి మగవాళ్ళలా గొంతు దించి ఊఁ అని మూలగమన్నాడు. సిగ్గుపడుతూనే మూలిగాను. గది నడుమ నా గొంతు మామూలుగానే ఉంది. మూలకు పోయేసరికి అది ఉబ్బింది. నేను ఆపినా ఇంకా ఛాతీలో గుమ్ముమంటూనే ఉంది. నిజంగా భయమేసింది.

"స్పాంజి సన్న సప్పుడునే తింటది చెల్లె. లావు సప్పుడు దాన్ని లెక్కజెయ్యది. గదంత తిరిగి మూలలకొచ్చి కూసుంటది. దానికి మందం గావాలె."

ఆ మందం కోసం ఎనిమిది చెక్క ఫ్రేములు చేశాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, వాటిలో రాక్‌వూల్ అనే రాతి దూది కూరాడు. అది ఒంటికి తగిలితే రోజంతా దురదే. పైన బూడిద రంగు గుడ్డ లాగి కొట్టాడు. ముందు నుంచి చూస్తే ఎనిమిదీ ఒకేలా ఉంటాయి. నాలుగింటిలో రాక్‌వూల్ నిండుగా కూరాడు. అవి మూలలకు. వాటిని కంపెనీలో బేస్ ట్రాప్ అంటారట, లావు చప్పుడును పట్టే బోను. మిగతా నాలుగూ సగం మందం, గోడలకు. మూలల్లోవి గోడలకు ఆనించకుండా, ఈ గోడకూ ఆ గోడకూ ఏటవాలుగా నిలబెట్టాడు. వెనక జానెడు చోటు మిగిలింది.

"గా ఖాళీ గూడ పని జేస్తది, ముట్టకు" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఖాళీ పని చేయడమేమిటి, కొలత తప్పి సర్ది చెబుతున్నాడనుకున్నాను.

మేడమ్ భర్త వచ్చి, ఇక రోడ్డు మీది లారీల రొద వినిపించదు కదా అని హిందీలో అడిగాడు. ఇది బయటి చప్పుడును ఆపదు సాబ్, లోపలి చప్పుడును బాగుచేస్తుంది అని రాజన్న కూడా హిందీలోనే చెప్పాడు. ఆయన వెళ్ళాక నాతో, "గీ స్పాంజితోని బయటి సప్పుడు ఆగితే మా రూమ్‌ల పెట్టుకోనా? మావోల్ల గురకకు నిద్ర లేక సస్తున్న" అన్నాడు. ప్రతి ఫ్రేమ్ బిగించాక నన్నే పిలిచి మూలగమనేవాడు, నన్నే ఎలా ఉందని అడిగేవాడు. నాలుగో రోజుకు నేనే ముందుగా, "కిటికీ పక్క ఇంగా నిలుస్తా ఉండాదన్నా" అనడం మొదలుపెట్టాను. ఆయన వాదించకుండా వెళ్ళి జరిపేవాడు. నా మాట మీద ఒక మనిషి లేచి పని చేయడం నాకు అదే మొదలు.

చివరి రోజు ఫ్రేముల వెనక మార్కర్‌తో ఏవో గీశాడు, గోడ మీద పెన్సిల్‌తో గీశాడు. "ఎప్పుడన్న తీస్తే ఎన్క అచ్చరం జూసి, గోడ మీద గదే అచ్చరం ఉన్నకాడ పెట్టు. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగుల రాసిన. నీకు గూడ అల్కగుంటది" అన్నాడు. నేను తలూపాను.

ఆ తర్వాత ఏడాది, రంజాన్‌కు ముందు, మేడమ్ బురైమిలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళింది. వెళుతూ ఇల్లంతా శుభ్రం చేసి పెట్టమంది. తను గురువారం రాత్రికి వస్తుంది. శుక్రవారం పొద్దున కొత్త పుస్తకాల కోసం నమూనాగా ఒక కథ చదివి పంపాలి, ఇది కుదిరితే ఏడాదంతా పని ఉంటుంది, గది తయారుగా ఉండాలని రెండుసార్లు చెప్పింది. బుధవారం నేను ఆ గదిలోకి వెళ్ళాను. మూలల్లో ఫ్రేముల వెనక దుమ్ము, బల్లి గుడ్లు. మా ఊళ్ళో పరుపులు ఎండలో వేసినట్టు, ఎనిమిది ఫ్రేములూ ఒక్కొక్కటే మోసుకొచ్చి వాకిట్లో ఎండబెట్టాను. కొన్ని బరువు అనిపించాయి, చెయ్యి అలిసిందనుకున్నాను. గోడల మీద పెన్సిల్ మరకలు కనిపిస్తే తడిగుడ్డ పెట్టి రుద్ది రుద్ది తుడిచాను. గురువారం పొద్దున అన్నీ తెచ్చి, దుమ్ము చేరకుండా మూలల్లోకి గట్టిగా నెట్టి పెట్టాను. గది అద్దంలా ఉంది. సంతోషంగా చప్పట్లు కొట్టాను. చప్పుడు చచ్చింది. అలవాటు కొద్దీ మూలకు వెళ్ళి మూలిగాను.

గుమ్మంది. నాలుగు మూలల్లోనూ గుమ్మంది.

ఒక ఫ్రేమ్ తీసి వెనక చూశాను. రాజన్న చెప్పిన అక్షరం ఉంది. గోడ చూశాను. తెల్లగా మెరుస్తోంది. అప్పుడు అర్థమైంది నేను తుడిచింది ఏమిటో. మేడమ్ రావడానికి ఇంక ఒక పూటే ఉంది. ఫోన్‌లో రాజన్న ఫొటో వెతికి నొక్కాను. ఎత్తలేదు. మళ్ళీ నొక్కాను. పేర్లు చదవలేను కాబట్టి అందరికీ ఫొటోలు పెట్టుకున్నాను. ఆ చిన్న ముఖం మీద ఎన్నిసార్లు వేలు పెట్టానో. అన్నం వేళకు ఆయనే చేశాడు. రైసూత్‌లో పని మీద ఉన్నాడు, బండిలో రావాలన్నా ఒక రోజు. సైట్‌లోకి కెమెరా ఫోన్ తేనివ్వరట, చేతిలో ఉన్నది బటన్ ఫోన్. ఫొటోలు పంపే దారి లేదు.

"మరేం ఫికర్ లేదు. గోడవి నా నోట్‌బుక్కుల ఉన్నయ్. ఫ్రేమ్ ఎన్క ఏం అచ్చరమున్నదో సదువు, యాడ పెట్టాలెనో జెప్త."

నేను ఆ గీతల మీద వేలు తిప్పుతూ నిలబడ్డాను.

"ఇనవడ్తలేదా? సదువు చెల్లె."

"రాదన్నా."

"ఏం రాదు?"

"సదువు రాదు. ఒక్కచ్చరం గూడా."

ఆ కొసన గిన్నెల చప్పుడు, ఎవరో హిందీలో అరుస్తున్న చప్పుడు వినిపిస్తున్నాయి. నవ్వుతాడేమోనని ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నాను.

"మరి గా రోజు తలకాయెందుకు ఊపినవ్?"

"అలవాటన్నా. అందరికీ అట్లనే ఊపుతా."

గొంతు తగ్గించి అన్నాడు. "నేను గూడ ఒకటి దాసిన. నా కుడి చెవు పని జెయ్యది. గ్రైండర్లకాడ పోయింది. ఎడమది గూడ అంతంతే. కంపెనీల తెలిస్తే ఈ పనికెల్లి తీసేస్తరు. గందుకే నిన్ను మూలగమన్న. గా గది నేను జెయ్యలే చెల్లె, నీ చెవుతోని జేసిన. ఎవరికన్న జెప్పేవు."

"చెప్పనన్నా."

"ఇగ ఇను. అచ్చరాలు పక్కకు పెట్టు. ఎనిమిదీ ఎత్తి జూడు. బరువున్న నాలుగు మూలలకు. ఎన్క జానెడు ఇడువు. అటెన్క మూలుగు."

"నువ్వు ఫోన్‌లో ఇని చెప్పన్నా."

"ఫోన్ల లావు సప్పుడు రాదు. ఎవ్వరు ఇన్నా రాదు. నువ్వే ఇనాలె." బెల్ మోగింది. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం దాకా ఎత్తాను, దించాను. ఏది బరువో రెండు చేతుల్లో తూచితే రెండూ ఒకటే అనిపించేది. ఒక పక్క వంట, ఇంకో పక్క గేటు దగ్గర బండి ఆగినప్పుడల్లా కిటికీ దగ్గరికి పరుగు. జానెడు వదిలి మూలిగితే రెండు మూలలు ఒప్పుకున్నాయి. మూడోది చాలాసేపటికి ఒప్పుకుంది. కిటికీ పక్కది మాత్రం తేలలేదు. నా చెవి తప్పో, గది తప్పో తెలియని స్థితికి వచ్చి వదిలేశాను. చీకటి పడ్డాక మేడమ్ వచ్చింది, గదిలోకి తొంగి చూసి, బాగా చేశావని మెచ్చుకుని పడుకుంది.

రాజన్న తర్వాత మూడేళ్ళు శుక్రవారం శుక్రవారం నాకు అక్షరాలు నేర్పాడు. ఆయన రూమ్‌లోని పెద్ద ఫోన్ నుంచి ఒక్కో అక్షరం ఫొటో పంపేవాడు. నేను రాసి తిరిగి పంపేదాన్ని. "గీ ఋ ఏంది చెల్లె, నెత్తి మీద కాలేస్తే ముడుసుకున్న జెర్రి లెక్కున్నది" అనేవాడు. ఆయన పంపిన పాఠాలన్నీ నాకు వచ్చాయని చెప్పను. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. భయమూ పోలేదు, ఎవరైనా కాగితం చేతికిస్తే అరచేతులు ఇప్పటికీ తడుస్తాయి. కానీ తెలియనిది తెలియదని అంటున్నాను. కొత్త గదిలో అడుగు పెడితే ఎవరూ చూడనప్పుడు మూలకు వెళ్ళి గొంతు దించుతున్నాను. చెవి చెప్పింది నమ్ముతున్నాను. ఆయన నుంచి నాకు మిగిలింది ఇంతే, నాకు ఇది చాలా ఎక్కువ.

మేడమ్ వచ్చిన మర్నాడు, ఆ శుక్రవారం పొద్దున జరిగింది చెప్పి ఆపుతాను. నేను నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఒక మూల తేడా ఉంటే మాత్రం ఆ ఆఫీసు మళ్ళీ కుండ గొంతు అంటుంది. మేడమ్ మళ్ళీ తన గొంతునే తిట్టుకుంటుంది. ఆమె పుస్తకం తెరిచి కూర్చోగానే తలుపు దగ్గర నిలబడి, నాకు వచ్చిన హిందీలో, అరబ్బీలో గబగబా చెప్పేశాను. ఫ్రేములు నేనే తీశాను, గోడ మీద గుర్తులు నేనే తుడిచాను, నాకు చదవడం రాదు, కిటికీ పక్క మూల సరిగా కుదరలేదు.

మేడమ్ నా వైపు తిరిగింది. "నాలుగేళ్ళు చీటీలు రాసిచ్చాను కదా" అంది. ఖాళీ ప్యాకెట్ల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. ఒక పేజీ చదివి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింది. నేను కాళ్ళ కింది గచ్చు పలకలు లెక్కపెడుతూ నిలబడ్డాను. విన్నాక లేచి కిటికీ పక్కకు వెళ్ళింది. ఫ్రేమ్ ఒక కొస పట్టుకుని, "ఎంత జరపాలి? నువ్వు చెప్పు" అంది.

"నాలుగు వేళ్ళు, మేడమ్."

"ఇదంతా నీకు ఆ ఉస్తాద్ నేర్పాడా?"

"ఆయనే."

"చాలా మంచి చెవి అయి ఉండాలి అతనిది."

"చాలా మంచి చెవి మేడమ్" అని చెప్పి, రెండో కొస పట్టుకున్నాను.