సరోజ ఆంటీ ఎడమచెవి

వాకిట్లో మంచు ఎత్తిపోసే స్నో బ్లోవర్ ఆన్ చేసేముందు స్పాంజిలాంటి ప్లగ్గు నలిపి చెవిలో పెట్టుకుంటాను. అది మెల్లగా ఉబ్బుతుంటే వీధి చప్పుడంతా దూరం జరుగుతుంది. అప్పుడు నాకు సరోజ ఆంటీ గుర్తొస్తారు, ముఖం మీదికి నవ్వొస్తుంది.

మా వైపు పిల్లలం విమానాలకు విమానాలు నిండి కెనడాలో దిగుతున్న రోజులవి. ఎడ్మంటన్‌లో నర్సింగ్ చదువుతూ పార్ట్‌టైమ్ కోసం కాళ్ళరిగేలా తిరిగితే, చివరికి దొరికింది షూటింగ్ రేంజ్‌లో ఊడ్చే పని. నాలుగు గోడల మధ్య తుపాకులు పేల్చడం నేర్చుకునే చోటది. అక్కడ భద్రత చూసే ఆవిడ తెలుగు మనిషని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఆవిడే సరోజ ఆంటీ. భీమవరం నుంచి హ్యూస్టన్ మీదుగా వచ్చారు.

మొదటిరోజే చప్పుడు ఆపడానికి నా చెవుల మీద పెట్టిన డిప్పల్లాంటి మఫ్స్ నొక్కి చూశారు. "కమ్మలు తీసెయ్ అమ్మాయ్. సందుంటే సౌండంతా లోపలికే."

అవి అమ్మమ్మ పెట్టినవి. బోసి చెవులతో ఉండనని ఒట్టు వేయించుకుని మరీ పంపింది. "ఏం కాదులే ఆంటీ" అన్నాను.

"ఏం కాదా? నర్సువవుతావు. స్టెతస్కోప్ పెట్టుకుని గుండె వింటావా, చెవిలో ఈల వింటావా?" అని చెయ్యిపట్టుకుని టీ గదిలోకి లాక్కెళ్ళారు.

హ్యూస్టన్‌లో ఇంటి రక్షణకని పిస్టల్ కొనబోతే అంకుల్ పెద్ద చప్పుడు చేసే మాగ్నమ్ తుపాకీయే కావాలన్నారట. "హాల్లో అది పేలితే దొంగ సంగతి దేవుడెరుగు, ముందు మన చెవులు పోతాయన్నాను. చప్పుడు కాస్త తగ్గుతుందని నైన్ ఎంఎం, కాస్త పొడుగు బారెల్, నెమ్మదిగా వెళ్ళే బరువు తూటాలు నేనే సెలెక్ట్ చేశా. అయినా ఏ పిస్టలూ చెవికి చుట్టం కాదు, పెట్టెలో దాని పక్కనే మఫ్స్ కూడా పెట్టా."

"మరి ఇక్కడో?"

"ఇక్కడ ఇంటి కాపలాకని తుపాకీ ఇవ్వరులే, హాయి."

అంత ఆలోచించిన మనిషి, ప్రాక్టీసులో మాత్రం కమ్మలు తీయలేదట. ముత్తైదువ చెవులు బోసిగా ఉంటే మొగుడికి మంచిది కాదని. వారంవారం అలాగే కాల్చి, సందు ఎక్కువున్న వైపు ఎడమచెవి పోగొట్టుకున్నారు. "ఆయన గుండ్రాయిలా ఉన్నారు. ఆయన గురకే నాకు వినపడదు!" అని పకపకా నవ్వారు. నవ్వి, "నీకొద్దమ్మా ఈ గతి" అన్నారు. కమ్మలు తీసి ఆమె చేతిలో పెట్టాను. చెవిలో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ ఆవిడే సర్దారు. చదువయ్యేదాకా అదే మా పద్ధతి.

మొన్న వార్డులో ఒక పెద్దాయన ఊపిరితిత్తుల అడుగున సన్నటి చప్పుడు వినబడింది, ఉల్లిపొర నలిగినట్టు. డాక్టరును పిలిచాను. వెంటనే మందు మొదలుపెట్టారు. రెండు రోజులకు ఆయన లేచి కూర్చుని కాఫీ అడిగారు. ఆ సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసి, "ఈ చెవులు మీరు పెట్టిన భిక్షే ఆంటీ" అన్నాను.

"వినపడలేదు, గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను.

"ఏంటీ? ఇంకోసారి."

ఫోన్ కుడిచెవికే పెట్టుకుంటారని నాకు తెలుసు. ఆ చెవి పాము చెవి. అయినా మళ్ళీ చెప్పాను.