చలికాలంలో వెచ్చబడిన మా వాగు

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు చలికాలం పొద్దున మా ఊరు గౌడవెల్లి వాగులో కాలు పెట్టడమంటే ఒక పందెం... పొగమంచులో అవతలి గట్టు కనిపించేది కాదు. నీళ్ళు తగలగానే పాదాలు మొద్దుబారేవి. ముందు ఎవరు బయటికి గెంతితే వాళ్ళు ఓడినట్టు. ఎప్పుడూ నేనే ఓడేదాన్ని.

అలాంటి వాగు ఒక ఏడు, మంచి చలి రోజుల్లో, వెచ్చబడింది.

ఆ పొద్దున నేనూ మా చిన్నత్త లచ్చమ్మా బట్టలు ఉతకడానికి వెళ్ళాం. చిన్నత్త అంటే మా నాయిన చెల్లెలు. అప్పటికింకా పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉండేది. పళ్ళు బిగపట్టి వాగులో కాలు పెట్టాను... కాగులో కాచి పోసినట్టున్నాయి నీళ్ళు. సంతోషం పట్టలేక నడుము దాకా దిగిపోయాను. చిన్నత్త మాత్రం చెయ్యి ముంచి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బయటికి రా," అంది.

"వెచ్చగున్నయి అత్తా..."

"అందుకే రమ్మంటున్న."

మా చిన్నత్తకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనేది. చుట్టం పొగిడితే ఏదో అడగడానికి వచ్చాడనేది. ఇంట్లో అందరం ఆటపట్టించేవాళ్ళం. ఇక వాగు మీద అనుమానమంటే ఎవరు వింటారు...

ఊరంతా సంబరపడింది. ముసలివాళ్ళు మోకాళ్ళ నొప్పులు పోతాయని నీళ్ళలో కూర్చునేవారు. తల్లులు పొయ్యి రాజెయ్యకుండా పిల్లలకు అక్కడే స్నానాలు చేయించేవారు. ఎవరో గట్టు మీది రాయికి పసుపు రాసి, గంగమ్మ తల్లి దయ అన్నారు. మా అమ్మ కూడా వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

చిన్నత్త కొట్టలేదు. రోజూ పొద్దున వెళ్ళి చెయ్యి పెట్టి చూసేది. ఎండ కాసిన రోజూ అంతే వెచ్చన, మంచు కురిసిన రోజూ అంతే వెచ్చన... ఒక్క ఆదివారం మాత్రం నీళ్ళు మామూలుగా చల్లగా ఉండేవి.

"గంగమ్మకు ఆదివారం సెలవుంటదా వదినా?" అని అమ్మను అడిగింది. అమ్మ చెంపలేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా బర్రె వాగు నీళ్ళు తాగనని మొండికేసింది. మూతి పెట్టేది, తల విదిలించి వెనక్కి వచ్చేది. దాని పిల్ల దుడ్డెకు ఆ తెలివి లేదు. తాగింది... కొద్దిరోజులకే కాళ్ళు ముడుచుకుని పడిపోయింది. నా వీపంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి.

నా వీపు చూసిన పొద్దున చిన్నత్త నా చెయ్యి పట్టుకుని వాగు వెంట ఎగువకు నడిచింది. మధ్యమధ్య వంగి నీళ్ళు ముట్టుకునేది. పోనుపోను నీళ్ళు ఇంకా వేడెక్కాయి. తంగేడు పొదల వెనక ఆవిరి లేస్తోంది. కొమ్మలు జరిపితే నల్లటి పైపు... దాని నోట్లోంచి వేడినీళ్ళు బుడబుడమని వాగులో పడుతున్నాయి. బ్లీచింగ్ పొడి లాంటి ఘాటు వాసన.

ఆ పైపు కొత్తగా కట్టిన రేకుల షెడ్డు నుంచి వస్తోంది. అందులో ఏం తయారవుతుందో ఊళ్ళో ఎవరికీ సరిగా తెలియదు. గేటు దగ్గరి మనిషి ఎవరినీ లోపలికి పోనిచ్చేవాడు కాదు.

చిన్నత్త షెడ్డు వైపు ఎక్కువసేపు చూడలేదు. పైపును పూడ్చిన మట్టి కట్ట వెంట చూపు నడిపించి అలాగే నిలబడిపోయింది. ఆ పైపు వచ్చింది మా మెట్ట చెలకలోంచే.

ఇంటికి వచ్చాం. మధ్యాహ్నం నాయిన అన్నానికి కూర్చున్నాక, చిన్నత్త కూర వడ్డిస్తూ మెల్లగా అడిగింది.

"అన్నా, మన చెలకల పైపెందుకున్నది?"

నాయిన చెయ్యి ఆగింది. "షెడ్డోళ్ళు అడిగిన్రు. వాన నీళ్లు పోనీకి అన్నరు."

"గీ సలికాలంల ఏం వాన?"

"నాకేం తెల్సు లచ్చమ్మా... మంచిగనే మాట్లాడిన్రు. మన యాదగిరికి కొలువిస్తమన్నరు." యాదగిరి మా పెద్దన్న. చదువు ఆపేసి అప్పుడు ఖాళీగా ఉన్నాడు.

"నీకు తెల్వదా, తెల్సుకోలేదా?"

గొంతు పెంచలేదు. ఊళ్ళో అందరినీ అనుమానించిన మనిషి, అంతవరకూ అనుమానించనిది తన అన్నను ఒక్కడినే. నాయిన సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. ఆయనకు నిజంగా తెలియదో, తెలిసే ఊరుకున్నాడో... నాకు ఈ రోజుకీ తేలలేదు.

ఆ సాయంత్రం నాయిన పార పట్టుకుని బయల్దేరాడు. మేమూ వెనకే వెళ్ళాం. పైపు నోట్లో రాళ్ళు, గోనెసంచులు, బంకమట్టి కుక్కాడు. వేడినీళ్ళు పడి చేతులు ఎర్రబడుతున్నా ఆపలేదు. మర్నాటికి నీళ్ళు ఎగదన్ని షెడ్డు వాకిలంతా నిండాయి. షెడ్డువాళ్ళు జీపులో వచ్చారు.

"ఏంది పటేలా గిట్ల జేసినవ్? మాటిస్తివి గద."

"వాన నీళ్లకిచ్చిన మాట," అన్నాడు నాయిన. "వాన పడ్డనాడు తీస్త."

అప్పటికే గట్టు మీద జనం చేరారు. రాయికి పసుపు రాసినవాళ్ళూ అందులో ఉన్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ కదలలేదు. జీపు వెనక్కి తిరిగింది. కొన్నాళ్ళకు పైపు తవ్వి తీసుకుపోయారు. అన్నకు కొలువు రాలేదు. దుడ్డె బతకలేదు.

నాయినా చిన్నత్తా చాలా రోజులు మాట్లాడుకోలేదు. ఒక పొద్దున నాయిన తనే వాగు నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "సూడు," అన్నాడు. చిన్నత్త వేళ్ళు ముంచింది. "సల్లగున్నయి," అంది. అంతే... మళ్ళీ మాటలు కలిశాయి. అయినా ఆ తర్వాత కూడా ఆమె ఒక్కతే వాగుకు వెళ్ళి చూసుకుని వచ్చేదని నాకు తెలుసు.

ఇప్పుడు నేనుండేది పట్నం అంచున పేట్ బషీరాబాద్‌లో. పొద్దున ఫోన్ తీస్తే మా ఊరి వైపు మేడ్చల్‌లో చలి ఎంతో, మంచు ఎప్పుడు విడిపోతుందో అన్నీ కనిపిస్తాయి. వాగు నీళ్ళ సంగతి మాత్రం అందులో ఉండదు. మొన్న గౌడవెల్లి వెళ్తూ వంతెన దగ్గర బండి ఆపి దిగాను. నీళ్ళ మీద తెల్లటి నురగ తేలుతోంది. ముట్టుకుందామని వంగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను... వెచ్చగా ఉంటే ఇప్పుడు ఎవరి చెలకలో వెతకాలి?

మీ ఊరి వాగులో చివరిసారి ఎప్పుడు కాలు పెట్టారు? చల్లగానే ఉందా... ఎవరైనా చూసి చెప్పండి.