పిట్టే లేదు, కూత ఘనం

ఆకాశం పాడుతుంటే డబ్బా కొట్టి నోరు మూయించబోయిన ఘనుణ్ని నేనే. నవ్వడానికి సిద్ధం కండి.

అప్పట్లో నిజామాబాదులో మాది రేడియోల దుకాణం. మా ఇంట్లో బేరం ఉగ్గుపాలతో పోస్తారు. అడగందే అమ్మయినా పెట్టదు; బేరమాడందే నేను పెట్టింది తినను. ఒకనాడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సారు టేపురికార్డరు కిరాయికి అడిగాడు.

"సూర్యుని దిక్కు నుంచి ఎప్పుడూ వేడిగాలి వీస్తది సేటూ. భూమి అయస్కాంత బలం దాన్ని అడ్డుకుంటది. గా అంచుకాడ కొట్లాట, సుడులు, అలలు. గా కుదుపుకు లోపల పుట్టే రేడియో అలలు కొన్ని మనదాక దిగుతయి. పొడుగు తీగ కట్టి యాంప్లిఫయరు పెడితే తెల్లారంగ వినొచ్చు."

"ఎట్లుంటది సార్ గా సప్పుడు?"

"ముందే చెప్తే మజా ఏముంది?"

"అయితే కిరాయి వద్దు. మిషను కాడ మాత్రం నేనే కూసుంట."

కొని తెచ్చుకున్న గండం అంటారు. నాది బేరమాడి తెచ్చుకున్నది.

బోధన్ అవతల, కరెంటు తీగలు లేని చెరుకు తోటలో వెదురుబొంగులు పాతి తీగ కట్టాం. స్పీకరు ముందు టేపురికార్డరు మైకు పెట్టాం. యాంప్లిఫయరు హైదరాబాదు ప్రొఫెసర్ల దగ్గర సారు ఎరువడిగి తెచ్చింది. ఆ పొద్దున్నే తిరిగి పంపాలి. వింటే అప్పుడే, లేకుంటే లేదు. అవతలి కొసన తీగ జారిందని సారు అటు పోయాడు.

కాలువ మీద పొగమంచు. బెల్లప్పాకంలా చిక్కగా ఉన్న చీకటి అంచున మెల్లగా బంగారు రంగు తిరుగుతోంది. స్పీకరులో గరగర. తర్వాత ఒక కిచకిచ. దాని వెనక వేల పిట్టలు ఒకేసారి నిద్రలేచినట్టు! నేను కూడా కాసేపు ఏ లోకంలో ఉన్నానో మరిచాను. అంతలో నాలోని దుకాణదారు మేలుకున్నాడు.

"మీ నోట్ల మన్నువడ! పక్క జొన్నచేను పిట్టలు మైకుల దూరుతున్నయి. సారు టేపు ఆగమాయె!"

జొన్నకు కావలి కాసేవాళ్లు ఏం చేస్తారు? మంచె కింద తగరపు డబ్బా కనబడింది. "హోయ్! హా!" డబడబడబ. కిచకిచ తగ్గదే! ఇంత మొండి పిట్టలా? ఇంకా గట్టిగా బాదాను.

సారు ఒంటిచెప్పుతో ఉరికొచ్చాడు. "ఏం జేస్తున్నవ్?"

"పిట్టల్ని ఎల్లగొడుతున్న సార్!"

"యాడున్నయ్ పిట్టలు?"

వెతికాను. ఈక కూడా లేదు. సారు వేలు స్పీకరును చూపి, మెల్లగా ఆకాశం వైపు లేచింది. అప్పటికి పొద్దెక్కి ఆ పాటా సన్నగిల్లింది. సారు గట్టు మీద కూలబడ్డాడు.

"పోనీ సార్, సగం పాట, సగం నేను. సర్దుకోండి!"

ఆ టేపే సారు హైదరాబాదులో ఆ పెద్ద ప్రొఫెసర్లకు వినిపించాడట. "ఈ కేకలు ఎవరివి?" అన్నారట వాళ్లు.

"భూమి అంచున కావలి ఉన్నాయన సార్. సూర్యుని గాలిని అదిలిస్తుండు," అన్నాడట మా సారు.

వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వి, యాంప్లిఫయరు ఇంకో వారం ఉంచుకోమన్నారట. ఒకటే షరతు: కావలాయన దుకాణంలోనే ఉండాలి. నా జన్మలో మారుబేరం లేకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ: పిట్ట కళ్లబడందే ఇక డబ్బా ముట్టను. కళ్లబడినా, అది ఏ లోకపు పిట్టో విచారించాకే.