వెర్లిన్ పాస్‌పోర్టు చివరి పేజీ

మనుషులను ఇట్టే పసిగట్టేస్తానని మా అమ్మమ్మ ఆర్డిత్ గొప్పలు పోయేది. మా మిన్నెసోటా ఊళ్ళో చర్చి విందుకు ఎవరి వంట వాళ్ళు తెస్తారు. గిన్నెలు తారుమారు కాకుండా అడుగున టేపు అంటించి పేరు రాస్తారు. పేరులేని గిన్నె కంటబడితే అమ్మమ్మకు ముద్ద దిగదు. ఆ చలికాలం అలాంటి గిన్నె పట్టుకుని హాలంతా గాలించి, ఊరికి కొత్తగా వచ్చిన వెర్లిన్‌ను పట్టింది. గిన్నెకు యజమాని దొరికాడు, అమ్మమ్మకు జోడీ దొరికాడు.

"నేరస్థుల పేర్లు పెట్టే పోలీసుల వెబ్‌సైట్లో అతని పేరుందేమో ఒక్కసారి చూడమ్మా" అని మా అమ్మ పోరింది.

"కంప్యూటరుకేం తెలుసే మనుషుల సంగతి! గిన్నె తోమే తీరు చూస్తే చాలదూ?"

వేసవిలో వెర్లిన్ పడవలో, ఏడేళ్ళ మా చెల్లి టిల్డాను వెంటబెట్టుకుని, కెనడాకు చేపల వేటకు వెళ్ళాలని అమ్మమ్మ పట్టు. సరిహద్దు మాటెత్తితే వెర్లిన్ నసిగేవాడు.

"ఇక్కడ చేపల్లేవా? పిల్లను ఇక్కడే తిప్పుతాగా."

"ఫోటో బాగా రాలేదని సిగ్గా? ఏదీ, చూడనీ!" అని అమ్మమ్మ అతని సొరుగులోంచి పాస్‌పోర్టు తనే లాగింది.

ఫోటో చూసి పకపకా నవ్వింది. ఏ దేశాలు తిరిగాడోనని పేజీలు తిప్పింది. ఒక్క ముద్రా లేదు. చివర్లో మాత్రం ప్రభుత్వం చట్టప్రకారం అలాంటివాళ్ళ పాస్‌పోర్టుల్లో అచ్చువేసే మాట ఉంది: ఇతడు మైనరుపై లైంగిక నేరానికి శిక్షపడినవాడు.

"పాత సంగతి, ఆర్డిత్. చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? టిల్డా నీ పడవెక్కాకనా?"

"అలా అచ్చేసి నా బతుకు బజారున పెట్టారు."

"మరి అప్పటి ఆ పిల్ల బతుకో?"



అమ్మమ్మ ఇంటికొచ్చి, తన దగ్గరున్న అతని గిన్నె తోమి, అడుగున టేపు మీద పేరు రాసి, అతని గుమ్మంలో పెట్టి వచ్చింది. ఆపైన మా అమ్మకు ఫోన్ చేసింది.

"ఊరందరి గిన్నెల అడుగూ తిరగేసే దాన్ని, మనిషి దగ్గరకొచ్చేసరికి మూత చూసి మురిసిపోయానే. తిట్టు."

అమ్మ తిట్టలేదు. "టిల్డా ఎక్కడుంది?" అంది.

"నా పక్కనే. నా పళ్ళసెట్టుతో ఆడుతోంది."

ఆ వేసవి ఊరి సరస్సు ఒడ్డున చెక్కబల్ల మీద అమ్మమ్మే టిల్డా చేత గాలం వేయించింది. మొదటి విసురుకే అది అమ్మమ్మ టోపీకి తగులుకుంది.

"లాగవే తల్లీ" అంది అమ్మమ్మ, కదలకుండా కూర్చుని. "ఈ సరస్సులో నాకంటే తేలిగ్గా పడే చేప లేదు."